ఇడ్లీ ఆవిరిలో ఎంచిన మంచు లైట్లు

ఆ రోజుల్లో మేము వెలుతురును కూడా చూసి చూసి వాడుకునేవాళ్లం. ఒక గదిలో దీపం ఉందంటే పక్క గదిలోని వాళ్లు లేచి ఈ గదిలోకి వచ్చి కూర్చోవాలి తప్ప, ఇంకో దీపం పెట్టే పద్ధతి లేదు. వెన్నెల ఉన్న రోజున ఎవరైనా వాకిట్లో బల్బు వేస్తే మా బాపు ఏమీ అనేవాడు కాదు, వెళ్లి ఆర్పి వచ్చేవాడు. మెట్‌పల్లిలో మగ్గాల ఇల్లు మాది. నాలుగో తరగతి దాకా చదివి, తర్వాత నూలుకు రంగులు వేసే పనిలో పడి, పెళ్లీడు వచ్చాక ఆసిఫాబాద్‌లో ఉన్న మేనత్త ఇంటికే కోడలిగా వెళ్లాను. అట్లాంటి దాన్ని పట్టుకుని, పెళ్లయిన మొదటి చలికాలంలో మా బావ (మొగుడైనా నాకు బావే, ఇప్పటికీ అట్లాగే పిలుస్తాను) "పిల్లా, జీపుకు ఇంకో రొండు లైట్లు పెట్టియ్యాలె" అన్నాడు. నేను వాకిట్లోకి వెళ్లి, జీపు ముందు నిలబడి చూసి వచ్చాను. "ఉన్నయి గద రొండు. మనిషి రొండు కండ్లతోనే బతుకుతలేడా" అన్నాను. అంతటితో ఆ సంగతి ముగిసిందనుకున్నాను.

బావది పాత జీపు. ఏదో ఆఫీసువాళ్లు వద్దనుకుంటే వేలంలో కొన్నాడు. తలుపులు లేవు, టాపు గుడ్డది, కానీ వాగులో దింపితే వాగు దాటేది, రాళ్ల మీదికి తోలితే రాళ్లెక్కేది. (ఆ ఇంట్లో దాన్ని పొగిడినంతగా నన్ను ఎవరూ పొగడలేదు.) దాంట్లో రోజూ పొద్దున్నే కెరమెరి ఘాట్ మీది గూడేల బళ్లకు టీచర్లను తీసుకుపోయేవాడు. నెలకింత అని మాట్లాడుకున్న ఆ కిరాయితోనే మా పొయ్యి వెలిగేది. చలికాలం రాగానే ఘాట్ మీద మంచు దిగింది. బోనెట్ ఎక్కడ అయిపోయిందో డ్రైవరుకు తెలియనంత మంచు. ఎడ్లబండి ముందు పోతుంటే దాని చప్పుడు పట్టుకుని వెనకాల జీపు పోయేది. టీచర్లు చేరేసరికి పిల్లలు వచ్చి, ఆడుకుని, ఆకలై ఇళ్లకు పోయేవాళ్లు. టీచర్లలో అందరికన్నా వయసులో పెద్దాయనను మేము పెద్దసార్ అనేవాళ్లం. ఆయన ఒకనాడు దిగుతూ దిగుతూ, "ఇంకో జీపాయన మమ్ముల అడుగుతుండు. నీకు చెప్పకుంట పోవుడు మర్యాద గాదని చెప్తున్న" అన్నాడట.

ఆ మాట మా అత్త చెవిన పడింది. మా బావ అన్న మస్కట్‌లో పని చేసేవాడు. "గా మంచులవడి పరేషాన్ అయితానవు ఎందుకురా," అంది అత్త. "పెద్దోడు వచ్చే నెల సెలవు మీద వస్తుండు. మళ్ల పోయేటప్పుడు నిన్ను గూడ తీస్కపోతనన్నడు. గక్కడ రోడ్లు అద్దం లెక్కుంటయట." బావ అన్నం కలుపుకుంటూ, "కిరాయి ఉంటే పోను, ఊడితే పోతనే అవ్వ" అన్నాడు, సంతకు పోతానన్నంత సాదాగా. నేను పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. ఆ రోజు రెండో వాయి అన్నం మాడింది. (కట్టెలు బాగా ఎండినవి.) మర్నాడు పొద్దున నేనే అన్నాను, "లైట్లు కొందాం. నేను గూడ వస్త. నువ్వొక్కనివి పోతే దుకాణమే కొనుక్కస్తవు."

అట్లాంటి సామాను కోసం అప్పట్లో మేము కరీంనగర్ పోవాల్సిందే. దుకాణం ఆయన మెడలో మఫ్లర్, నోట్లో వక్కపొడి, ఆడవాళ్లందరినీ చెల్లె అనే రకం. లోపల అడుగుపెట్టగానే బావ చూపు పళ్లేలంత లైట్ల మీద పడింది. వాటిని టాపు మీద వరుసగా నాలుగు పెట్టించాలని ఆయన కోరిక. "గివి ఏస్తే కోసు దూరం కనవడ్తది పిల్లా" అన్నాడు. "మంచుల కోసు దూరం జూసి ఏం జేస్తవు, ముందుగాల గుంత కనవడాలె" అన్నాను. దుకాణం ఆయన, "చెల్లె చెప్పింది సై. దూరం కొట్టే లైటు మంచుకు తాకి మళ్ల మన కండ్లల్లకే వస్తది. మంచుకు గివి గావాలె" అని పసుపు అద్దాలున్న వెడల్పాటి జతను బల్ల మీద పెట్టాడు. దాని ధర విన్నాక ఆయన మీద నాకున్న గౌరవం తగ్గింది. "తెల్లదానికి, గీ పచ్చదానికి ఫరక్ ఏంది" అని అడిగాను. (పసుపు రంగును మేము పచ్చ అనే అంటాం.) "చూసెటందుకైతే రంగే చెల్లె" అన్నాడు. రంగులు వేసే ఇంట్లో పుట్టిన మనిషితో అనవలసిన మాట కాదు అది. చవకలో ఉన్న గుండ్రటి తెల్ల జతను తీసి సంచిలో వేసుకుని, "రంగు మేమేసుకుంటం" అని లేచాను. వాటిని ఎక్కడ బిగించాలన్నది కూడా నేనే తేల్చాను. టాపు మీద పెడితే తుడవడానికి నిచ్చెన కావాలి, బంపర్ దగ్గర పెడితే బురద పడుతుంది, కాబట్టి మధ్యలో, బోనెట్ మీద.

ఇంటికి వచ్చి పాత తెల్ల చీర ఒకటి చించి, పసుపు, పటిక వేసి ఉడికించి, నీడన ఆరబెట్టి, అంచులో తాడు దూర్చి రెండు మూతలు కుట్టాను. లైట్లకు తొడిగితే డప్పుకు తోలు బిగించినట్టు కూర్చున్నాయి. "రంగు వోదు" అని బావకు మాట ఇచ్చాను. (పోలేదు కూడా.) ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా అత్తకు ఊరుకోబుద్ధి కాదు. లైట్లకు కుంకుమ బొట్లు పెట్టింది, బోనెట్‌కు బంతిపూల దండ వేసింది, బంపర్‌కు నిమ్మకాయలు, వేపమండలు కట్టింది. కొడుకు మస్కట్ పోవాలని ఉన్నా, పోయేదాకా క్షేమంగా ఉండాలని ఆమెకు ఉంటుంది కదా.

మర్నాడు తెల్లవారుతూనే నేను కూడా వెనక సీట్లో టీచర్ల మధ్య కూర్చున్నాను, లైట్లు ఎంచింది నేనే కాబట్టి. ముందు సీట్లో పెద్దసార్ ఎర్ర శాలువాను తల చుట్టూ చుట్టుకుని ఉన్నాడు. ఘాట్ మొదలు కాగానే బావ లైట్లు వేశాడు. ఎదురుగా మంచంతా పచ్చబడింది. అంతకు ముందు తెల్లటి మంచులో ఏమీ కనపడేది కాదు, ఇప్పుడు పచ్చటి మంచులో ఏమీ కనపడలేదు. "ఎట్లున్నది బావా" అన్నాను. "మంచైతే బగ్గ కనవడుతుంది" అన్నాడు. కాసేపటికి గుడ్డలు వేడెక్కి సన్నగా పొగ రావడం మొదలైంది. పసుపు కాలే వాసన, వేపాకు వాసన కలిసి జీపు చుట్టూ కమ్ముకున్నాయి. బాగానే ఉందని ఒక టీచరమ్మ అంది కూడా.

మాకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ వారం కింది ఊళ్ల నుంచి అమ్మవారిని బండి మీద ఊరేగిస్తూ పైకి తెస్తారని దారిలోని ఊరివాళ్లు ఎదురుచూస్తున్నారు. వాళ్లకు మంచులోంచి మెల్లగా, పచ్చటి రెండు కండ్లు, కుంకుమ బొట్లు, బంతిపూలు, పొగ కదిలి వస్తూ కనపడ్డాయి. ఎవరో డప్పు అందుకున్నారు. ఆడవాళ్లు చెంబుల్లో పసుపు నీళ్లు, వేపాకు కలుపుకుని సాక పోయడానికి రోడ్డు మీదికి వచ్చారు. బావ జీపు ఆపక తప్పలేదు. ఒక ముసలామె నేరుగా పెద్దసార్ దగ్గరికి వచ్చి, ఆయన ఎర్ర శాలువా చూసి పూజారనుకుని, చేతిలో కొబ్బరికాయ పెట్టి, "అయ్యా, మా బర్రె ఈనుతదా ఈనదా జర చెప్పు" అంది. పెద్దసార్ బళ్లో మూఢనమ్మకాల పాఠం చాలా గట్టిగా చెప్తాడని పేరు. "అమ్మా, నేను సార్‌ను" అన్నాడు. "సారే గద చెప్పాలె" అంది ఆమె, కదలకుండా. ఆయన వెనక్కి తిరిగి మావైపు చూశాడు. మేమంతా చూపు పక్కకు తిప్పుకున్నాం. "ఈనుతది" అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

ఇంతలో మొదటి చెంబు సాక జీపు మీద పడింది. కాగి ఉన్న లైటు అద్దం మీద చన్నీళ్లు పడితే ఏమవుతుందో వంటింట్లో పని చేసిన ఎవరికైనా తెలుసు. టప్పుమంది. రెండో చెంబుకు రెండోది కూడా టప్పుమంది. అమ్మవారు కండ్లు మూసుకుందని అందరూ దండం పెట్టారు. ప్రసాదాలు తిని, బొట్లు పెట్టించుకుని మేము బడికి చేరేసరికి ఆ రోజు పిల్లలే కాదు, పిల్లల వెంట వచ్చిన మేకలు కూడా వెళ్లిపోయాయి. పెద్దసార్ దిగి, కొబ్బరికాయను సీటు మీద పెట్టి, "డ్రైవర్, సోమారం దాక చూస్త. గప్పటికి గిట్లనే ఉంటె వేరే జీపు మాట్లాడుకుంటం. నేను రిటైర్ అయ్యేదాక సార్ లెక్కనే ఉండాలనుకుంటున్న" అన్నాడు. వచ్చే దారిలో బావ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మస్కట్‌లో చలి ఉండదని మాత్రం అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

మా పుట్టింట్లో బట్టను దీపం కింద చూసి ఎవరూ కొనేవాళ్లు కాదు. బయటికి తెచ్చి ఎండలో పట్టి, తడిపి, పిండి, అప్పుడు బేరం మొదలుపెట్టేవాళ్లు. లైటును మటుకు మంచు లేని దుకాణంలో చూసి తెచ్చామే అని నాకు ఆ రాత్రంతా అదే తోచింది. ఆదివారం జీపు వేసుకుని మళ్లీ కరీంనగర్ పోయాం. "అన్నా, మంచుల పట్టి చూపెడితేనే కొంట" అన్నాను. "గిప్పుడు మంచు యాడికెల్లి తేవాలె చెల్లె" అన్నాడు దుకాణం ఆయన. పక్కనే టిఫిన్ హోటల్ ఉంది. వంటగదిలో గంగాళమంత ఇడ్లీ పాత్ర బుసకొడుతోంది. నేను అటు చూశాను, ఆయన కూడా చూశాడు, చూసి మఫ్లర్ సర్దుకున్నాడు. హోటలాయన "గిరాకి టైమమ్మా, జరుగు" అన్నాడు. "మేం గూడ గిరాకే. రొండు ప్లేట్లు వెట్టు, మూత దియ్యి" అన్నాను.

జీపు బ్యాటరీ విప్పి తెచ్చారు. బావను వంటగది అవతలి గోడకు నిలబెట్టాను. మూత తీయగానే ఆవిరి గదంతా నిండింది. ముందు దూరం కొట్టే లైటు పట్టించాను. ఎదురుగా సున్నం వేసిన గోడలాగా తెల్లగా ఆవిరి, బావ లేడు. తర్వాత వెడల్పాటి పచ్చ లైటు ఛాతీ ఎత్తున పట్టించాను. పచ్చగోడ, బావ లేడు. "జర కిందికి వట్టు అన్నా." దుకాణం ఆయన వంగాడు. "ఇంక జర." ఆయన తడి బండల మీద కూర్చున్నాడు. "ఇంక." ఆయన "యా అల్లా" అని మోచేతుల మీదికి దిగాడు. ఆవిరి పైకి లేస్తుంది కదా, నేల దగ్గర జానెడు ఖాళీ ఉంది. వెలుతురు ఆ ఖాళీలోంచి చాపలా పరుచుకుని అవతలి గోడ దాకా పోయింది. అక్కడ బావ కాళ్లు కనపడ్డాయి. మనిషి లేడు, ఉత్త కాళ్లు. ఎడమ కాలి వేళ్లను కుడి మడమతో అదే పనిగా రుద్దుకుంటున్నాడు. నాకు ఆయన చిన్నప్పటి నుంచి తెలుసు. బెదురు పుట్టినప్పుడే అట్లా రుద్దుతాడు. చిన్నప్పుడు మా బాపు మగ్గంలో నూలు తిప్పే నాడెను తాను విరగ్గొట్టిన రోజున కూడా అట్లాగే నిలబడ్డాడు. అంటే మస్కట్ పోవాలని ఆయనకూ లేదన్నమాట. ముఖం చూసి ఉంటే నాకు తెలిసేది కాదు, ముఖంతో బాగా నటిస్తాడు.

"గీ పచ్చ జతనే ఇయ్యి" అన్నాను. ధర చెప్పాడు. సరే అన్నాను. నేను బేరం చేయకపోయేసరికి ఆయనకు అనుమానం వచ్చి, తానే కొంత తగ్గించాడు. బంపర్ కింద, నేలకు దగ్గరగా, ముక్కు కిందికి వంచి దగ్గరుండి బిగింపించాను. బురద పడితే పడనీ, రోజూ నేనే తుడుస్తానన్నాను.

సోమవారం ఘాట్ మీద మంచు ఎప్పటికన్నా ఎక్కువే ఉంది. బావ లైట్లు వేశాడు. పైనంతా మంచే. కింద మాత్రం రోడ్డు అంచు, గుంతలు, మలుపు దగ్గరి తెల్లరాయి ఒక్కొక్కటే తేలి వచ్చాయి. దారిలో ఎవరూ సాక పోయలేదు. (ఆ ఊరి ముసలామె మాత్రం ఎదురొచ్చి బర్రె ఈనిందని పెద్దసార్‌కు జున్నుపాలు ఇచ్చి పోయింది. ఆయన తీసుకున్నాడు.) బడికి చేరేసరికి ఒక్క పిల్లాడు రాలేదు, తాళం కూడా తీయలేదు. టీచర్లంతా చలిలో వరండాలో నిలబడ్డారు. పెద్దసార్ చేతులు రుద్దుకుంటూ, "గింత జల్ది వచ్చి ఏం జేద్దామయ్యా. రేపు జర నిమ్మలంగ బయలెల్లుదాం" అన్నాడు. రేపు అన్నాడు. ఆ మాట నేను విన్నాను, బావ కూడా విన్నాడు. బావ లైట్లు ఆర్పలేదు. నేనే దిగి ఆర్పమన్నాను.

ఆ మరుసటి నెల బావ అన్న సెలవు మీద వచ్చి, ఒక్కడే తిరిగి పోయాడు. ఆయన బస్సెక్కిన రోజున అత్త గుమ్మంలో కూర్చుని, "కోడలా, గా లైట్లు ఎక్కువ దూరం కనవడనీయయట గద" అంది. "అవునత్తా, దగ్గరియే" అన్నాను. ఆ రాత్రి నాకు పెరుగు వేసేటప్పుడు కాస్త ఎక్కువే వేసింది.

అప్పటి నుంచి బండి లైట్ల విషయంలో మా వీధికి నేనే పెద్దదిక్కు. ఎవరు ట్రాక్టరు కొన్నా, జీపు కొన్నా బావ "లైట్ల సంగతి మా ఇంటామెనడుగుండ్రి, ఆమెకెరుక" అని పంపిస్తాడు. మొన్న చలికాలంలో మనవడు కొండలెక్కే పెద్ద బండి ఒకటి కొని, కర్రంత పొడుగున్న లైటు బొమ్మను ఫోన్‌లో చూపించి, "బాపమ్మా, టాపు మీద పెట్టియ్యాల్నా? తాత నిన్నడగమన్నడు" అన్నాడు. "మంచుకైతే వెడల్పుది తీస్కో, కిందికి పెట్టు" అన్నాను. మంచం మీంచి బావ తలూపాడు, నేను ఊరి కరెంటంతా కనిపెట్టినట్టు.

ఇన్నేళ్లుగా నాకు లైట్లు తెలుసని ఆయన నమ్ముతున్నాడు. నేను దిద్దలేదు. ఆ చలికాలంలో ఆ పిల్లకు లైట్ల గురించి ఏమీ తెలియదు. "పోకు బావా" అన్న మాట ఒక్కటి నోట్లో ఉండేది, అది బయటికి రాక ఆ పిల్ల కరీంనగర్ దాకా రెండుసార్లు తిరిగింది. ఇప్పుడైనా చెప్పేద్దామని అప్పుడప్పుడు అనిపిస్తుంది. కానీ మోకాళ్ల నొప్పులతో ఆయన ఇప్పుడు వీధి చివర దాకా కూడా పోవడం లేదు. ఇక చెప్తే మాట దండగ.