తోడేలుకి గుండు కొట్టించిన కోడలు

ఇప్పటి పిల్లలు ఫోనులో దయ్యాల సినిమా చూస్తూ జంతికలు నములుతారు. మా కాలంలో భయం అంత సులువుగా చేతికి దొరికేది కాదు, పొట్లాల కాగితాల్లో ఎప్పుడన్నా వస్తే వచ్చినట్టు. మా ఆయన జగ్గయ్యపేటలో ఒక కిరాణా కొట్టులో గుమాస్తా. పొట్లాలు కట్టడానికి పాత కాగితాల కట్టలు వచ్చేవి. వాటిలో తోడేలు మనుషులు, కోరల దొరలు, ఒళ్లంతా గుడ్డపీలికలు చుట్టుకున్న శవాలు ఉండే బొమ్మల పుస్తకాలు కనపడితే చింపబుద్ధి కాక, చొక్కాలో దోపుకుని ఇంటికి తెచ్చేవారు. పెళ్లాం చదువుకున్నదని ఆయన నమ్మకం. (నమ్మకమని నేననుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.)

ఆ చదువు గొడవ మా మేనమామ పెట్టింది. నందిగామ పక్కన మా ఊరికి పెళ్లిచూపులకు వచ్చినప్పుడు, ఎవరూ అడక్కుండానే, "పిల్ల అయిదో తరగతి పాసండి, పేపరు గడగడా చదువుద్ది" అనేశాడు. నేను బడికి వెళ్లింది తొమ్మిది రోజులు. పదో రోజున గేదె ఈనింది, అక్కడితో నా చదువు సరి. కాకపోతే పుస్తకం చదవడమంటే ఎలా ఉంటుందో బాగా చూసినదాన్నే. మా పక్కింటి బూబమ్మ రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని తన ఉర్దూ పుస్తకం చదువుకునేది. ఎటునుంచి తెరిచేదో, పేజీ ఎట్లా తిప్పేదో, ఎక్కడ తల ఆడించేదో నాకు కంఠతా వచ్చు. ఆ పుస్తకం మన పుస్తకాలకి ఎదురు నడుస్తుందని మాత్రం నాకు చెప్పినవాళ్లు లేరు.

మా అత్తగారికి కోడలి చదువంటే మెళ్లో గొలుసు కన్నా ఎక్కువ. అదే మనిషికి అబద్ధమంటే ఒళ్లు మంట. పాలల్లో నీళ్లు కలిపి కాదన్నదని సొంత ఆడబిడ్డతో ఆరేళ్లు మాట్లాడలేదు. నా సంగతి తెలిస్తే ఆ సాయంత్రానికే నన్ను నందిగామ బస్సెక్కిస్తుందని నాకు తెలుసు. అటువంటి అత్తగారు ఒక మధ్యాహ్నం వాకిట్లో నలుగురు ఆడవాళ్లతో మిరపకాయలకి ముచ్చికలు తీస్తూ, "ఏమ్మాయ్, వాడు తెచ్చిన పుస్తకం దాచుకుంటావేంది? చదువు, మేమూ వింటాం" అన్నది. చేసేదేముంది, బూబమ్మలాగా కూర్చుని, బూబమ్మలాగా తెరిచాను. అంటే, వెనక నుంచి.

పేజీకి ఒకటో రెండో పెద్ద బొమ్మలు. నేను తెరిచిన పేజీలో కుక్కమూతి, ఒళ్లంతా బొచ్చు, చిరిగిన చొక్కా ఉన్నవాడొకడు చచ్చి పడున్నాడు. పక్కన తుపాకీ పట్టుకుని ఒక పెద్దమనిషి. పేజీ తిప్పితే చచ్చినవాడు లేచి నిలబడ్డాడు! నాకు దారి దొరికింది.

"ఈయన డాక్టరుగారు. ఆ గొట్టంతో వాడి గుండెలో దిగిన మేకు లాగేశారు. వాడు లేచాడు" అన్నాను.

"మా పెద్దాసుపత్రిలో ఇట్టాంటి గొట్టం ఒక్కటి లేదు గదమ్మా" అని పాలావిడ నిట్టూర్చింది.

తర్వాతి బొమ్మల్లో వాడి బొచ్చు పేజీ పేజీకీ తగ్గిపోతోంది. "లేచాడు గదా, కొండకి మొక్కుకున్నాడు. గుండు కొట్టించుకుంటున్నాడు."

"ఒళ్లంతానా?"

"మొక్కు ఒళ్లంతకీ పిన్నీ."

ఆకాశంలో నిండు చంద్రుడు కనపడితే, మొక్కు చెల్లించే పున్నమి అన్నాను. చొక్కా చిరుగులు మాయమయ్యాయి, గుండీలు పడ్డాయి. ఆఖరి బొమ్మలో వాడు చక్కటి కుర్రాడై, ఒక పిల్ల పక్కన కూర్చుని నవ్వుతూ భోజనం చేస్తున్నాడు. "పెళ్లయింది, అన్నం తింటున్నారు" అని పుస్తకం మూశాను. మా అత్తగారు మనసు కరిగి కళ్లు తుడుచుకుంది, మిరపకాయల చేత్తో. ఆవిడ్ని చూసి మిగతావాళ్లూ తుడుచుకున్నారు. ఆ కథకి అంత ఏడుపు రాసినవాడు కూడా ఊహించి ఉండడు.

ఇక చెప్పేదేముంది, నేను వాడకట్టుకే పండితురాల్ని. కోరల దొర పిల్ల మెడ మీద నుంచి నోరు తీయగానే ఆమె కళ్లు తెరిచింది కాబట్టి, ఆయన పళ్లతో సూదిమందు వేసే కాంపౌండరు. పీలికలు చుట్టుకున్న శవం ఊరంతా తిరిగి తిరిగి పెట్టెలో పడుకుంటే, పాపం నిద్రొచ్చిందన్నాను.

ఇట్లా సాగుతుండగా ఎదురింటి పంతులమ్మ బడికి సెలవని వచ్చి మా మధ్య కూర్చుంది. నేను మళ్లీ చెబుతున్న తోడేలు కథ కాసేపు విని, పుస్తకం చేతిలోకి తీసుకుని, మొదటి పేజీ నుంచి చూసి, "అదేంటి పిన్నిగారూ! వీడు ముందు మంచి మనిషే. తర్వాత తోడేలవుతాడు, చివర కాల్చి చంపేస్తారు. మీ కోడల్ని ఇక్కడ ఒక్క ముక్క చదవమనండి" అని నా ముందుకు పెట్టి, ఒక అక్షరాల వరస మీద వేలుంచింది.

అత్తగారు నా వంక చూసింది. "చదవ్వే."

నాకు కనపడింది ఆ వేలొక్కటే. మనసులో నందిగామ బస్సెక్కి కూర్చున్నాను కూడా.

అంతలో భోజనానికి వచ్చిన మా ఆయన సైకిలు గోడకి ఆనించి, "ఆ పుస్తకం కుట్టినవాడు తిరగేసి కుట్టాడండి పంతులమ్మగారూ. మా కొట్టుకొచ్చిన కట్టలో సగం అట్టాటివే. వెనకనుంచే చదవాలి" అన్నారు.

"పేజీల అంకెలు సరిగ్గానే ఉన్నాయి గదండీ?"

"అంకెలేసిందీ వాడేగా!"

పంతులమ్మ ఇంకేదో అనబోయింది. అత్తగారు పుస్తకం లాక్కుంది. "ఇటియ్యమ్మా. నువ్వు చదివితే మనుషులు కుక్కలవుతున్నారు. మా పిల్ల చదివితే కుక్కలు మనుషులవుతున్నాయి. ఏది సరైన చదువో నాకు తెలవదా?"

పెరట్లో ఆయన చేతులకి నీళ్లు పోస్తుంటే, "అయిదో తరగతి ఏ బళ్లోనే?" అన్నారు.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి పుస్తకం ఇచ్చిన రోజే. వెనకనుంచి తెరిచి తల ఆడిస్తా కూర్చున్నావు."

"మరి తేవడమెందుకు?"

"రోజూ అమ్మ నాకు చెప్పేది, ఇయ్యాళ కోడలు ఇది చదివిందిరా అని. నవ్వాపుకోలేక చచ్చేవాణ్ణి."

"అత్తయ్యకి చెబుతారా?"

"చెబితే ఆ తోడేలుకి గుండు ఎవరు కొట్టిస్తారు?"

ఆ తర్వాత పొట్లాల కాగితాల మీదే నాకు అక్షరాలు దిద్దించారు. ఇప్పటికీ ఒత్తులొస్తే తడబడతాను. (ఈ రాతంతా మనవరాలిది. నావి మాటలే.)

ఆయన పోయి రెండేళ్లు. మొన్న పెట్టె సర్దుతుంటే ఆ తోడేలు పుస్తకం దొరికింది, ఇంకా జీలకర్ర వాసనేస్తూ. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవడానికి పదకొండు రోజులు పట్టింది. పంతులమ్మ చెప్పింది నిజమే. భోజనం ముందు, చావు ఆఖరున. రాసినవాడు బాగానే రాశాడు, కాదనను. కానీ ఆ పడున్నవాడి దగ్గర పుస్తకం మూయడానికి చెయ్యి రాలేదు. తల ఆడిస్తూ వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను. వాడు లేచాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"నాయనమ్మా, తప్పు చదువుతున్నావు" అంది మనవరాలు.

"తెలుసులేవే" అని, అన్నానికి కూర్చునే పేజీ దాకా చదివాను.