మా పెద్దబాపు ఎగిరిన మాట నిజం

మొన్న పొద్దున కాంటా మీదికి ఒక లారీ ఎక్కుతుండగా ఊరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పెద్దబాపు పోయిండే" అన్నాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగాడట. అంతే. ఆ లారీ బరువు రాసి, చీటీ చింపి డ్రైవర్ చేతికిచ్చి, షట్టర్ దించి కొండాపూర్ వైపు బస్సెక్కాను.

పటాన్‌చెరు లారీ అడ్డాలో ఆయనను అందరూ ఫౌజీ అనేవారు. నాకు మాత్రం మా నాయన అన్న, పెద్దబాపు. నేను కాంటా దగ్గర రోజువారీ పద్దులు రాస్తూ రాస్తూ చదువు నేర్చుకున్నవాణ్ని. పద్దు తప్ప వేరేది రాసే అలవాటు లేదు. కానీ ఈ మనిషి గురించి ఒక సంగతి నలుగురికీ తెలియాలి. అందుకే రాస్తున్నాను.

ఆయన వాయుసేనలో పారాచ్యూట్లు మడిచే పని చేశాడు. ఎనభైలలో రిటైరై వచ్చి మా కాంటా పక్కనే ఉన్న ట్రాన్స్‌పోర్టులో చేరాడు. ఫ్యాక్టరీల నుంచి సరుకు నింపుకొచ్చిన లారీలకు టార్పాలిన్ కప్పి తాళ్లు కట్టించడం ఆయన పని. ఫౌజీ కట్టిన టార్పాలిన్ షోలాపూర్ దాటినా అంచు లేవదని డ్రైవర్లు చెప్పుకునేవారు. చేతికి ఏది దొరికినా మడిచేవాడు. పేపర్, తువ్వాల, ఖాళీ సిమెంటు సంచి, చివరికి మిర్చి బజ్జీ కట్టిచ్చిన కాగితం కూడా. కుర్రవాళ్లు టార్పాలిన్‌ను ఉండచుట్టి పడేస్తే కోపం వచ్చేది.

"గట్ల కుక్కుడు కాదురా. రేపు దీన్ని విప్పేటోడు ఎవడో జెర ఆలోచన జేసి మడువుండ్రి" అనేవాడు.

ఆయన విమానం ఎక్కాడని ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. ఒకరోజు పెన్షన్ పని మీద సంగారెడ్డి వెళ్తే అక్కడ ఒక మాజీ సుబేదారు అందరి ముందు నవ్వాడట. "ఏం ఫౌజీ, బట్టలు మడిచినందుకు గూడ పెన్షనేనా?"

"మడుసుడే గాదు, ఎగిరిన గూడ."

"కాయితంల ఉన్నదా?"

లేదు. ఆ మధ్యాహ్నం పెద్దబాపు నేరుగా కాంటాకు వచ్చి నా ఎదురు స్టూలు మీద కూర్చున్నాడు. మొదటిసారి మొత్తం చెప్పాడు.

ఉత్తరాన కొండల మీద మన సైనికుల చౌకీలుండేవి. అక్కడికి దారి లేదు. బియ్యం, నూనె, మందులు మూటలు కట్టి, పారాచ్యూట్లు తగిలించి విమానం తలుపులోంచి తోసేవారు. పెద్దబాపు పైఅధికారికి ఒక పద్ధతి ఉండేది. పారాచ్యూట్ మడిచినవాడే దానితో పాటు విమానంలో పోవాలి. తెరుచుకోకపోతే తన కళ్లతోనే చూడాలి. అట్లా ఆయన ఏళ్ల తరబడి ఆ కొండల మీద ఎగిరాడు. కాగితాల్లో మాత్రం నేల మీద గోదాములోనే ఉన్నాడు.

ఒకరోజు ఒక పారాచ్యూట్ ముందే తెరుచుకొని తలుపు బయట చిక్కుకుంది. విమానం ఒక పక్కకు లాగసాగింది. పెద్దబాపు బోర్లా పడుకొని నడుము దాకా బయటికి జరిగి కత్తితో తాళ్లు కోశాడు. వెనక రేడియో పని చూసే సర్దార్ ఆయన కాళ్లు పట్టుకున్నాడు. అందరూ బతికారు. పతకం కోసం పైలట్ ఆయన పేరు పంపితే, నేల మీద పనివాడికి ఎగిరేవాళ్ల పతకం రాదని తిప్పి పంపారు.

"పైసలొద్దురా నాకు. సచ్చేలోపల ఎగిరిండు అని కాయితంల ఉండాలె. గంతే" అన్నాడు.

అర్జీ నేనే రాశాను. మన దగ్గర సిఫారసు లేనిదే ఏ అర్జీ కదలదని నమ్మకం కదా, సర్పంచ్ దగ్గరికి పోయాం. ఆయన చాలా సంబరపడ్డాడు. "మనూరోడు విమానం ఎక్కిండంటే ఉత్తగ ఎక్కుతడా? నడిపే ఉంటడు" అంటూ, పెద్దబాపు యుద్ధంలో విమానాలు నడిపిన వీరుడని తన లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర గుద్దాడు. అది ఇంగ్లీషులో ఉంటే బాగుంటుందని సంగారెడ్డిలో టైపు కూడా చేయించాడు. మాకు ఇంగ్లీషు చదవరాదు, ఆయన నోటి మాటను ఉత్త సంబరమే అనుకున్నాం. అందంగా ఉందని అన్నిటికంటే పైన పెట్టి పంపాం.

కొన్ని నెలలకు జవాబు వచ్చింది. ఈ మనిషి ఎన్నడూ పైలట్ కాదు, ఇది తప్పుడు అర్జీ, కొట్టివేస్తున్నాం అని. ఫ్యాక్టరీ మేనేజరు చదివి చెప్పేదాకా ఏం జరిగిందో మాకు తెలియలేదు.

పెద్దబాపు సర్పంచ్‌ను ఒక్క మాట అనలేదు. మాజీ సైనికుల దగ్గరికి వెళ్లడం మాత్రం మానుకున్నాడు. "పతకం పోతే పోనీ. ఇగ అబద్ధాలోడినైన గదరా" అన్నాడు. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

పైలట్ అప్పటికే చనిపోయాడు. మిగిలింది ఆ సర్దార్. ఆయన పేరూ, ఊరి పక్కన చక్కెర మిల్లు ఉందన్న గుర్తూ తప్ప ఇంకేం లేవు. అయితే మా కాంటాకు పంజాబ్ లారీలు వస్తుంటాయి. చీటీ రాసేటప్పుడు ప్రతి పంజాబీ డ్రైవర్‌కూ అదే మాట చెప్పడం మొదలుపెట్టాను. వాళ్లు ఢాబాల్లో ఇంకొకరికి చెప్పేవారు. "నీ సర్దార్ ఇంకా దొరకలేదా భాయ్?" అని కొత్త డ్రైవర్లు నన్నే అడిగేదాకా వచ్చింది.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ఒక లారీ కాంటా ఎక్కింది. రెండో పక్క తలుపు తీసుకొని తెల్లగడ్డం ముసలాయన దిగాడు. నన్ను ఏమీ అడగలేదు. పక్క లారీ మీద సరుకు పైన బోర్లా పడుకొని ముడి బిగిస్తున్న పెద్దబాపును చూశాడు. పోయి, కిందికి వేలాడుతున్న ఆయన చీలమండలు రెండూ పట్టుకున్నాడు.

"ఏయ్, ఎవడ్రా కాళ్లు గుంజేది? పడ్తే మీ అయ్య లేపుతడా?"

ముసలాయన హిందీలో అన్నాడు: "అప్పుడు పడనివ్వలేదు. ఇప్పుడు పడనిస్తానా?"

పెద్దబాపు చాలాసేపు కిందికి దిగలేదు. టార్పాలిన్‌లో ముఖం పెట్టుకొని అట్లాగే ఉండిపోయాడు.

సర్దార్ ఊరికి తిరిగి పోకుండా మా ఇంట్లోనే ఉన్నాడు. జొన్నరొట్టె బాగా తినేవాడు, మా పచ్చిపులుసుకు మాత్రం ముఖం చిట్లించేవాడు. ఆయన సాక్ష్యంతో మళ్లీ అర్జీ పెట్టాం. హైదరాబాదులో విచారణకు పిలిచారు. అధికారి పాత లెటర్‌హెడ్ చూపించి, "మీరు పైలటా?" అని పెద్దబాపును అడిగాడు.

"కాదు సార్. మా సర్పంచ్ ప్రేమ కొద్ది రాసిండు. నేను నడపలే. తలుపు కాడ నిలబడ్డ."

తర్వాత ఇద్దరినీ వేరువేరుగా కూర్చోబెట్టి ఆ రోజు సంగతి అడిగారు. సర్దార్ చెప్పాడు: మొదట ఎడమ బూటు పట్టుకుంటే అది ఊడి లోయలో పడింది, అప్పుడు చీలమండ పట్టుకున్నానని. పక్క గదిలో పెద్దబాపు చెప్పిందీ అదే. పైగా ఇంకో మాట కలిపాడు. "బూటు పోగొట్టినవని నాకు పనిష్మెంటు గూడ ఇచ్చిండ్రు సార్. పాణాలు కాపాడినందుకు మాత్రం ఏం లేదు." అధికారి నవ్వాపుకోలేకపోయాడు. బయటికి వచ్చేటప్పుడు తలుపు దాకా వచ్చి పెద్దబాపుకు చేయిచ్చాడు.

ఆ ఏడు చలికాలంలో ఉత్తర్వు వచ్చింది. రికార్డు సరిదిద్దారు. విమాన సిబ్బందిగా పనిచేశాడని రాశారు. ఎగిరేవాళ్లు ఛాతీకి పెట్టుకునే రెక్కల గుర్తు, రెండు పతకాలు ఇస్తామన్నారు. సర్పంచ్ బ్యాండు, మిఠాయి పెట్టెలతో దిగాడు. మైకు అందుకోబోతుంటే పెద్దబాపు ఆయన చేయి పట్టుకున్నాడు. "పైలట్ అనకు బాంచెన్. నీకు దండం పెడ్త."

పతకాలు మా దగ్గరి వైమానిక స్థావరంలోనే ఇచ్చారు. ఛాతీ మీద పెట్టినప్పుడు పెద్దబాపు కదలకుండా నిలబడ్డాడు. సర్దార్ మాత్రం ఈలలు వేశాడు. అప్పుడు సంగారెడ్డిలో నవ్విన సుబేదారు కూడా వచ్చాడు. అందరిలో ముందుగా సెల్యూట్ కొట్టింది ఆయనే.

అక్కడ పచ్చిక మీద ఒక పాత విమానం ప్రదర్శన కోసం నిలిపి ఉంచారు. కార్యక్రమం అయ్యాక యూనిఫాంలో ఉన్న కుర్ర సైనికులు ఆయనను చుట్టుముట్టి, "ఎట్లా నిలబడేవారు సాబ్?" అని అడిగారు. పెద్దబాపు చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కాడు. తలుపు చట్రం పట్టుకొని, ఒక కాలు వెనక్కి తన్ని, ఒళ్లంతా ముందుకు వంచి, కళ్లు చిట్లించాడు. ఆ మధ్యాహ్నం ఆకు కదలడం లేదు. జెండా కూడా కర్రకు అంటుకొని ఉంది. ఆయన ఒక్కడే పెద్ద గాలికి ఎదురొరిగి నిలబడ్డాడు.