ఖాళీ గిన్నె

పొద్దున పక్క ఫ్లాటు ఆమె ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా మూత తీయగానే వేడివేడి మినప గారెల వాసన, మిరియాల ఘాటు, కరివేపాకు కమ్మదనం కలిసి ముక్కుకు తగిలి, నన్ను తీసుకెళ్ళి తూంకుంటలోని మా పాత వంటింట్లో కూర్చోబెట్టాయి.

తొంభైల చివర్లో, మా ఇంటి వెనక అంగూర్ తోటలో ద్రాక్ష పందిళ్ళ కింద ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే రోజుల్లో, పక్కన కొత్తగా కట్టిన ఇంట్లోకి భీమవరం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం అద్దెకు దిగింది. వాళ్ళమ్మాయి శిరీష, నేను ఒకే తరగతి. యాప్రాల్ నుంచి వచ్చే మా హిందీ టీచరు 'శిక్ష' అంటే చదువని చెప్పినప్పుడు, తెలుగు శిక్ష మాత్రమే రుచి చూసిన మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, రెండూ ఒకటేలే అని తేల్చేశాం. ఇక అదే మా ఆట. పందిరి కింద పుల్లటి అంగూర్ కాయలు ఉప్పుతో నంజుకుంటూ, చూడ్డానికి ఒకటిగా ఉండి అర్థం వేరైన మాటలు ఏరుకునేవాళ్ళం. హిందీలో 'అవకాశ్' అంటే సెలవట. దానికి మాకు అభ్యంతరం లేకపోయింది. హిందీ దాకా ఎందుకు, గారెలంటే మా ఇంట్లో నువ్వులు వేసి చేసే కరకరలాడే బియ్యప్పిండి గారెలు, వాళ్ళింట్లో మధ్యలో చిల్లు పెట్టిన మెత్తటి మినప గారెలు. ఏవి అసలైనవని రోజూ పోట్లాడుకునేవాళ్ళం. గెలిచేది నేనే, ఎందుకంటే నా గొంతే పెద్దది.

ఆ దసరాకు మా అవ్వ వాళ్ళింటికి గిన్నెనిండా గారెలు పంపింది. సాయంత్రానికి గిన్నె తళతళా తోమి ఖాళీగా తిరిగొచ్చింది. అవ్వ మొహం మాడ్చుకుంది. ఖాళీ గిన్నె పంపడమంటే ఇక మీతో రాకపోకలు వద్దని చెప్పడమే ఆమె లెక్కలో.

"చిటికెడు శక్కరన్న ఎయ్యకపాయిరి. ఇగ ఆ ఇంటికి పోకు," అంది.

శిరీష లేని పందిరి నాకు ఏమాత్రం నచ్చలేదు. మాటలకు రెండర్థాలు ఉన్నప్పుడు గిన్నెకు మాత్రం ఎందుకుండవు అనిపించి, నేరుగా వెళ్ళి వాళ్ళమ్మనే అడిగేశాను.

"ఆంటీ, మా గిన్నె ఖాళీగ ఎందుకు పంపిన్రు? మా అవ్వ మస్తు బాధపడ్తాంది."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఖాళీగా ఇవ్వకూడదని మాకూ ఉందమ్మా. మా వంట మీరు తింటారో తినరోనని మొహమాటపడ్డాను," అంది.

మర్నాడు ఆవిడే మినప గారెలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. అవ్వ ఒకటి కొరికి, చాలాసేపు నమిలింది.

"మస్తుగున్నయి బిడ్డా. మా గారెలు జేసుడే గని, నమలనీకి నాకు పండ్లేడున్నయి?"

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఆ గిన్నె ఏ ఇంటిదో కూడా మరిచిపోయేంతగా అటూ ఇటూ తిరిగింది.

ఇప్పుడు అవ్వ లేదు. అంగూర్ పందిళ్ళ చోట విల్లాలు లేచాయి. శిరీష ఎక్కడుందో తెలియదు. పక్క ఫ్లాటు ఆమె, "డబ్బా తిరిగివ్వక్కర్లేదండీ, పారేయండి," అని చెప్పి మరీ వెళ్ళింది. మర్యాదకే అందని తెలుసు. అయినా నేను మా అవ్వ మనవరాలిని, ఆ మాట నాకు రాకపోకలు వద్దన్నట్టే వినిపించి మనసు చివుక్కుమంది. డబ్బా కడిగి తుడిచాను. గుప్పెడు చక్కెర పోసి, మూత పెట్టి, వెళ్ళి వాళ్ళ బెల్లు నొక్కాను.