మెరుపు ఆర్పిన పత్తి మంట

2024 ఫిబ్రవరి, రెండో శనివారం. గుంటూరు.
హాజరైనవారు: వీడియో గేమ్ తయారుచేస్తున్న సుకన్య, ఆమెతో పనిచేసే ప్రోగ్రామర్ ఏలియా, అగ్నిమాపక శాఖలో స్టేషన్ ఆఫీసరుగా రిటైరైన నేను.

ఆనాటి డైరీ ఇలాగే మొదలవుతుంది. ఉద్యోగంలో ఉండగా ప్రతి ఫైర్ కాల్‌కూ, అంటే మంట గురించి వచ్చిన ప్రతి కబురుకూ, ఇలా రాసుకోవడం నా అలవాటు. ఈ కాల్ రిటైరయ్యాక వచ్చింది, అదీ కంప్యూటర్‌లో మంట గురించి. అయినా నా వృత్తిలో మరచిపోలేని కేసు ఏదంటే ఇదే చెబుతాను.

సుకన్య మా స్టేషన్లో ఫైరింజను నడిపిన డ్రైవరు కూతురు. "అంకుల్, మా గేమ్‌లో జిన్నింగ్ మిల్లు తగలబడుతుంది. నిజంగా అలాగే ఉంటుందో లేదో మీరొచ్చి చూడాలి," అని ఫోన్ చేసింది. "రేపు పొద్దున హైదరాబాద్ నుంచి గేమ్‌లు విడుదల చేసే కంపెనీ మేడం వస్తున్నారు. ఆవిడకి నచ్చితే గేమ్ బయటికొస్తుంది. నచ్చకపోతే మూసేసుకోవడమే."

జిన్నింగ్ మిల్లంటే పత్తిలోంచి గింజ తీసి బేళ్లు కట్టే చోటు. అలాంటి మిల్లుల్లో నేను చాలా మంటలు చూశాను. వెంటనే వాళ్ల ఆఫీసుకి వెళ్లాను.

అది ఓపెన్ వరల్డ్ గేమ్. ఆడేవాళ్లకు ముందే గీసిన దారంటూ ఉండదు, ఎటైనా వెళ్లొచ్చు. కథానాయిక పేరు మెరుపు. గాల్లో ఎగురుతుంది, గట్టిగా ఊదితే తుఫానే. ఆమె తిరిగే లోకం మన గుంటూరు, ప్రకాశం మైదానం.

కంట్రోలర్ చేతికిచ్చారు. మొదట కరెంటు స్తంభాన్ని గుద్దాను.

"పర్లేదు సార్, ఆవిడకి దెబ్బ తగలదు," అన్నాడు ఏలియా.

"స్తంభానికి తగిలింది కదయ్యా! లైన్‌మన్‌కి ఎవరు చెబుతారు?"

తర్వాత లేచాను చూడండి, ఆకాశంలోకి! సర్వీసంతా ఈ చేల మధ్య సైరన్ మోగించుకుంటూ తిరిగినవాణ్ణి. వాటిని పైనుంచి చూడటం అదే మొదలు. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా, పక్కనే పత్తి తెల్లగా, దూరంగా కోటప్పకొండ. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. "అంకుల్, మిల్లు ఇటు!" అని సుకన్య అరుస్తున్నా కొండ చుట్టూ తిరిగి, పొదిలి దాకా వెళ్లాను.

అక్కడ ఉత్సాహం కాస్త తగ్గింది. "పొదిలి వైపు ఎర్రమట్టి మెట్ట కదయ్యా. ఇక్కడా ఇదే నల్లమట్టి, ఇవే ఇళ్లేంటి?"

"కాపీ కొట్టి అతికించాం సార్," ఏలియా తల గోక్కున్నాడు. "టైం లేక."

చివరికి మిల్లు దగ్గర దిగాను. బేళ్లు మండుతున్నాయి. మెరుపు ఒక్కసారి ఊదింది, మంట ఆరింది. డప్పులు మోగాయి, తెరనిండా 'విజయం' అని పడింది. చేతులు కట్టుకుని నిలబడ్డ ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉంది అంకుల్?"

"ఎగరడం అద్భుతం. కానీ పత్తి మంట అలా చావదమ్మా."

యంత్రంతో అదిమి కట్టిన బేలు పైన ఆరినా లోపల నిప్పు పాకుతూనే ఉంటుంది. దీన్ని డీప్ సీటెడ్ ఫైర్ అంటాం. మెరుపు ఊదిన గాలి దానికి మేతే. మర్నాటికి మళ్లీ అంటుకుంటుంది. బేళ్లు విడగొట్టి, తడిపి, కాపలా కాయాలి. అది డ్యాంపింగ్ డౌన్. హమాలీలూ ఊరివాళ్లూ చెయ్యి వెయ్యకపోతే జరిగే పని కాదు.

"కాబట్టి మెరుపు రాత్రంతా అక్కడే ఉండాలి," అన్నాను.

"సూపర్ హీరోని వాచ్‌మన్ చేస్తారా సార్? ఎవరాడతారు?" అన్నాడు ఏలియా. వాడన్నదీ నిజమే.

సుకన్య ఉన్నట్టుండి బల్ల మీద చరిచింది. "వెళ్లిపోనిద్దాం! గేమ్‌లో తెల్లారాక మిల్లు దగ్గర సన్నగా పొగ లేపుదాం. బాణం గుర్తు వద్దు, ఏమీ వద్దు. ఎగిరేవాళ్లకి పైనుంచి కనబడుతుంది. చూస్తే వస్తారు."

"చూడకపోతే?"

"మునుగుతాం."

నాకు కేక వెయ్యాలనిపించింది. నేను మురిసిపోయిన ఆ ఎగరడమే గేమ్ లోపానికి మందు! బేళ్లు ఎలా లాగుతారో కుర్చీలతో చేసి చూపించాను. హమాలీ మేస్త్రీ కేకలు నా గొంతుతోనే రికార్డు చేసుకుని, రాత్రంతా కూర్చుని ఇదంతా గేమ్‌లో పెట్టారు.

మర్నాడు పొద్దున్నే మేడం వచ్చారు. మంట ఆర్పారు. 'విజయం' పడింది. "బాగుంది," అన్నారు, గొంతులో ఏ ఉత్సాహమూ లేకుండా. తర్వాత పొదిలి దాకా వెళ్లొచ్చి, కొండవైపు ఎగిరారు. గేమ్‌లో తెల్లారింది. ఆవిడ వెనక, దూరంగా, పొగ లేచింది. ఆవిడ చూడలేదు. చెప్పబోయాను. సుకన్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆవిడా నాలాగే కొండ చుట్టూ తిరిగారు. సగంలో ఆగిపోయారు.

"అదేంటి? నేను ఆర్పేశాను కదా!"

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని మెరుపును వెనక్కి తిప్పారు. సర్వీసులో మనుషుల్ని మంట దగ్గర నిలబెట్టడానికి నేను వాడింది ఆర్డరే. ఎవరూ చెప్పకుండానే, పొగ చూసి తిరిగొచ్చేవాళ్లు ఉంటారని ఆ పొద్దున నేర్చుకున్నాను.

మెరుపు దిగగానే మేస్త్రీ గొంతు గదంతా మోగింది. "ఇప్పుడా తల్లీ రావడం! చూస్తావేంటి, పట్టు ఆ తాడు!"

మేడం పగలబడి నవ్వారు. ఊరివాళ్లతో కలిసి చివరి బేలు దాకా లాగారు. ఈసారి డప్పులు మోగలేదు. ఆవిడ కంట్రోలర్ కింద పెట్టి నావైపు తిరిగారు.

"ఈ గొంతు మీదే కదండీ? మిగతా ఊళ్లలో కూడా ఈ మేస్త్రీ ఉండాలి. సుకన్యా, అగ్రిమెంటు పంపిస్తాను. ఆ పొదిలి మట్టి మాత్రం మార్చండమ్మా, మాది ఆ పక్కే."