పక్క అట్ట

బోధన్ దగ్గర చెరకు పండించే మా మేనమామ ఏది చూసినా ఎడమకన్ను మూసి చూసేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా ముందు కన్ను మూసేవాడు, తర్వాతే జవాబు. ఒకసారి జాతరలో అత్తగారి వాళ్లందరి ముందు గాలి తుపాకీతో బెలూన్లు కాల్చబోయి, ఒక్కటీ పగలగొట్టలేకపోయాడు. బామ్మర్దులు పొట్టపట్టుకొని నవ్వారు. అప్పటినుంచి ఆయనకు మనశ్శాంతి లేదు.

"నిజామాబాద్‌ల తుపాకి నేర్పేటోళ్లు ఉంటరట. నడువు, సూద్దాం," అని నన్ను బండెక్కించుకున్నాడు.

బస్టాండు దగ్గర "షూటింగ్ ఎక్కడ నేర్పుతరన్నా?" అని అడిగితే, ఒకాయన పెళ్లి ఫొటోలు తీసే దుకాణం చూపించాడు. మామ అక్కడికీ వెళ్లి, వచ్చినందుకు ఒక ఫొటో దిగాడు.

చివరికి ఒక ఫంక్షన్ హాలు వెనక రైఫిల్ క్లబ్బు దొరికింది. అక్కడ నేర్పే సారు ఆయనను ఒక కాలేజీ అమ్మాయి పక్కన నిలబెట్టి, ఎదురుగా ఎవరి గురి అట్ట వాళ్లదేనని చెప్పి గాలి తుపాకీ ఇచ్చాడు. ఇచ్చిన గుండ్లన్నీ మామ కాల్చాడు. ఆయన అట్ట మీద గీత కూడా పడలేదు. ఆ అమ్మాయి అట్ట మీద మాత్రం ఆమె కాల్చినవాటి కంటే ఒక బొక్క ఎక్కువుంది, అదీ నట్టనడుమ.

"తాతా, గిది నా అట్ట," అంది ఆ అమ్మాయి.

"అట్ట నీదే బిడ్డా, గుండు నాది," అన్నాడు మామ. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికప్పుడే క్లబ్బులో చేరాడు.

మరుసటి వారం మేం వెళ్లేసరికి ఆ అమ్మాయి అటు చివరకు మారిపోయింది. మామ నా చెవిలో ఎంతో జాలిగా అన్నాడు: "పాపం, నన్ను సూసి భయపడ్డది."