తాతయ్య ట్రంపెట్‌లో రెండో పిస్టను

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఈస్టరుకి ముందు వచ్చే ఒక మట్టల ఆదివారం నాడు, చర్చి నిండా జనం చూస్తుండగా, మా తాతయ్య ట్రంపెట్ వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఆగిపోయాడు. వయసు మీదపడి ఊపిరి చాలలేదని అందరూ అనుకున్నారు. పాపం, ఆయనా అదే అనుకున్నాడు. నిజానికి ఆయన ఊపిరికి ఏమీ కాలేదు. ట్రంపెట్ ఊపిరి తీసేసింది నేను, నిమ్మకాయంత చింతపండుతో.

ఆ రోజుల్లో ఏ వస్తువైనా మెరిస్తే చాలు, బాగున్నట్టే అని మా ఇంట్లో ఆడవాళ్ళ నమ్మకం. మాది విశాఖ పాతబస్తీలో, సముద్రపు గాలి అడగకుండా వంటింట్లోకి వచ్చేసే వీధి. ఆ ఉప్పుగాలికి ఇత్తడి సామాను వారం తిరక్కుండా చిలుం పట్టేది. అందుకని శనివారం వచ్చిందంటే అమ్మ పెరట్లో చింతపండు పిప్పి, ఇటుక పొడి ముందేసుకుని కూర్చునేది. బిందెలు, చెంబులు, దీపపు కుందెలు, ఆఖరికి వీధి తలుపు గడియ కూడా ఆ రోజు స్నానం చెయ్యాల్సిందే. (ఒకసారి నా వైపు కూడా అనుమానంగా చూసింది.) నాకప్పటికి పందొమ్మిదేళ్ళు. టైపు పరీక్ష ప్యాసై, ఆటోనగర్‌లో బోట్లకీ లారీలకీ డీజిల్ పంపులు బాగుచేసే వర్క్‌షాపులో గుమస్తాగా చేరి మూడు నెలలయింది. నాకు నోట్లో నాలుక లేదని బంధువుల్లో పేరు. నాలుక లేక కాదు, దాన్నంతా డైరీలో ఖర్చుపెట్టేసేదాన్ని. మిగిలింది లైబ్రరీ నవలలు చదువుతూ పెదవులు కదపడానికి సరిపోయేది.

తాతయ్య పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. చర్చి బ్యాండులో నలభై ఏళ్ళుగా మొదటి ట్రంపెట్ ఆయనదే. అమ్మ శనివారం పెరట్లో జరిగితే ఆయన శనివారం అరుగు మీద జరిగేది. తువ్వాలు పరిచి, ట్రంపెట్‌లో వేళ్ళతో నొక్కే మూడు పిస్టన్లూ విప్పి వరసగా పడుకోబెట్టేవాడు. వాటి మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెక్కి ఉండేవి. "ఒకటో నంబరు ఇంట్లో రెండోది కాపురం సెయ్యదు పాపా. దేని గూడు దానిదే," అనేవాడు. మెత్తని గుడ్డతో తుడిచి, రెండు చుక్కలు పల్చని నూనె వేసి బిగించాక, ప్రతి పిస్టను పక్కనా ఉండే చిన్న గొట్టాన్ని చటుక్కున లాగేవాడు. "టప్" మని సీసా మూత తీసినట్టు చప్పుడయ్యేది. "ఇనబడినాదా? గాలి ఎక్కడా కారడం లేదన్నమాట. బూరకి అందం బైట, పేణం లోపల," అని తృప్తిగా నవ్వేవాడు.

మట్టల ఆదివారానికి ముందురోజు ఆయన పిస్టన్లు విప్పి ఉండగా పాస్టరు గారు వీధిలోంచి కేకేశారు. తాతయ్య లేచి వెళ్ళాడు. నేను తువ్వాలు వైపు చూశాను. రెండో పిస్టను మసిబారి, బూడిద రంగులో, పండగ పూట పాత చీర కట్టుకున్న పిల్లలా ఉంది. నాకు జాలేసింది. పెరట్లో చింతపండు ఉంది, ఇటుక పొడి ఉంది, నాలో తాతయ్య మీద ప్రేమ ఉంది. ఈ మూడూ కలిపి పావుగంట తోమాను. కొత్త వెండి మట్టెలా తళతళలాడింది. దాన్ని దాని గూట్లోనే పెట్టాను (అంత తెలివి ఉంది), సరిగ్గా కూర్చుంటుందని పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించాను. అక్కడక్కడా ఇటుక పొడి మిగిలి, కాస్త గరగరలాడింది గానీ, నూనె వేస్తే పోతుందిలే అనుకున్నాను. మిగిలిన రెండూ బిగించి, మూడింటికీ నూనె వేసి, పెట్టెలో పెట్టేశాను. తాతయ్య వచ్చి, "అప్పుడే బిగించీసినానా? మతిమరుపొచ్చీసినాది," అనుకుంటూ పెట్టె మూశాడు. అడిగితే గర్వంగా చెబుదామనుకున్నాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మర్నాడు అందరం మట్టలు పట్టుకుని నిలబడ్డాం. తాతయ్య మొదటి చరణం ఎలాగో ఈడ్చాడు. పై స్వరానికి వెళ్ళేసరికి ట్రంపెట్‌లోంచి గాలి తప్ప ఇంకేమీ రాలేదు, సైకిలు ట్యూబుకి చిల్లు పడ్డట్టు. ముఖం కందగడ్డలా చేసుకుని ఇంకోసారి ఊదాడు. ఇంకా పెద్ద చిల్లు. అప్పుడు ట్రంపెట్ దించి, దానికేసి కాదు, తన గుండెకేసి చూసుకున్నాడు. ఆ చూపు నేనెప్పుడూ మరిచిపోలేదు.

ఇంటికొచ్చి పెట్టె మంచం కిందికి తోసేశాడు. "అయిపోనాదిరా. డెబ్బై ఏళ్ళ తిత్తులు, ఇంకెంత కాలం పన్జేత్తాయి? ఈస్టరుకి నువ్వే ఊదు," అన్నాడు మా చిన్నాన్నతో. చిన్నాన్న మంచివాడు. కానీ ఆయన ట్రంపెట్ సాధన మొదలెడితే, ఎదురింటి మామ్మ బోటు సైరననుకుని కొడుకుల్ని నిద్రలేపేది. ఈస్టరు తెల్లవారుజామున ఊరేగింపు ముందు నడిచి, వీధి వీధినీ లేపేది మా తాతయ్య ట్రంపెట్టే. అది లేని ఈస్టరు నేను పుట్టాక లేదు. అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు మంచం కిందికి దూరి, రెండో పిస్టను పక్క గొట్టం లాగి చూశాను. "టప్" లేదు. "తుస్" అంది. ఆ మధ్యాహ్నం డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను, చింతపండు దగ్గర్నుంచీ అంతా.

సోమవారం ఆ పిస్టను నా క్యారేజీ నడిమి గిన్నెలో కూర్చుని ఆటోనగర్‌కి ప్రయాణమైంది. మా వర్క్‌షాపులో డీజిల్ పంపుల లోపలి పని అంతా ఒకే మనిషి చేతిలో ఉండేది. ఏది కొలిచినా "వెంట్రుకలో పదో వంతు" అనేవాడు కాబట్టి ఆయన్ని అందరూ వెంట్రుక మేస్త్రి అనేవారు. (ఆయన నెత్తి మీద కొలవడానికి ఒక్కటీ లేదు.) మూడు నెలల్లో నేనాయనతో మాట్లాడిన మాట లేదు. పైగా జాబ్ కార్డు లేనిదే ఏ వస్తువూ ఆయన బల్ల ఎక్కకూడదు. అంచేత నేనే ఒక కార్డు రాశాను (పంపులో పిస్టన్ని మా షాపులో ప్లంజరంటారు). వస్తువు: ప్లంజరు, ఒకటి. కంప్లైంటు: ఊపిరి తక్కువ. దానికి పిస్టను కట్టి, బల్ల మీద పెట్టి, టైపు మిషను వెనక్కి వచ్చి దాక్కున్నాను.

"ఏ బోటుదమ్మా ఇది?" అని కేక వినిపించింది.

"మా తాతయ్యదండి."

"మీ తాతయ్యకి బోటున్నాదా?"

"ట్రంపెట్ ఉందండి."

ఆయన దాన్ని కిరసనాయిల్‌లో కడిగి, ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని తిప్పాడు. ముఖం మాడిపోయింది. "ఎవడమ్మా దీన్నిలాగ రుబ్బీసినాడు? పైపూత లేచిపోనాది. ఆడెవడో గాని, ఆడి సేతులు రెండూ ఇరిసి డ్రమ్ములో ఎయ్యాల." నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళిపోయాయి. నా ముఖం చూసి ఆయనకి అర్థమైపోయినట్టుంది, గొంతు తగ్గించాడు. "సూడమ్మా, డీజిలు పంపైనా, మీ తాతయ్య బూరైనా ఒకటే. గాలి కారకూడదు, పిస్టను పట్టీకూడదు. బిగుతైతే పట్టీత్తాది, వదులైతే కారిపోతాది. రెంటికీ మజ్జిన వెంట్రుకలో పదో వంతు సోటుంటాది. మంచి పిస్టనంటే ఆ సోట్లో ఏళ్ళ తరబడి కాపురం సేసేది. అలాటి దాన్ని గిన్నెలాగ తోమీసినావు! ఇందులో ఒక్కటి కారితే మూడూ దండగే. గాలి మూడింట్లోంచీ ఎల్లాల కదా."

"బాగవుతుందా అండి?"

"దీని గూడేదీ? మనిషిని తేకుండా సొక్కా కుట్టమంటే ఎలాగమ్మా? మొత్తం బూర అట్టుకురా."

మొత్తం బూర! మంగళవారం పొద్దున్న అమ్మ కళ్ళుగప్పి పెట్టెలోంచి ట్రంపెట్ తీశాను. పెట్టె తేలిగ్గా ఉంటే అనుమానం వస్తుందని చేతికందిన పుస్తకాలన్నీ ట్రంపెట్‌కి చుట్టి ఉన్న గుడ్డలోనే చుట్టి అందులో పెట్టేశాను. ట్రంపెట్‌ని గోనె సంచిలో దించి పైన నాలుగు గోంగూర కట్టలు పరిచాను. బస్సులో నిలబడ్డానికే చోటు లేదు. ఒక కుదుపుకి సంచి వెళ్ళి రాడ్డుకి కొట్టుకుని "ఠంగ్" మంది.

"ఏటమ్మా అందులో?" అన్నాడు కండక్టరు.

"గోంగూర," అన్నాను.

"గోంగూర సప్పుడు సేత్తన్నాదేటి?"

వెనకనుంచి ఎవరో, "స్టీలు ప్లాంటు కట్టీ ఊరు కదా బావా, ఇక్కడ గోంగూర కూడా ఇనపదే మొలుత్తాది," అన్నారు. బస్సంతా నవ్వింది. నేను గాజువాక వచ్చేదాకా కిటికీలోంచి, ఎన్నడూ చూడనట్టు, లారీలు చూశాను.

పక్క షెడ్డులో పిస్టనుకి కొత్త పూత వేయించారు. ఇత్తడి గూడు కన్నా పిస్టను గట్టి లోహమై ఉండాలట, రెండూ ఒకేలా మెత్తనైతే ఒకదాన్నొకటి కరుచుకుంటాయట. బుధ, గురువారాలు పంపుల పని మధ్య ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు మేస్త్రి దాన్ని చేత్తోనే నూరాడు. సన్నని ముద్ద పూసి గూట్లో తిప్పడం, కిరసనాయిల్‌లో కడగడం, కొలవడం, మళ్ళీ తిప్పడం. నేను బిల్లులు టైపు చేస్తూ తప్పుల మీద తప్పులు కొట్టాను. పిస్టను కన్నాలూ, బయటి గొట్టాల కన్నాలూ ఎదురెదురుగా వచ్చాయో లేదో టార్చి వేసి చూసి, "ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే గాలికి గడప తగుల్తాది," అని పాత ఫెల్టు ఉన్ని ముక్క ఒకటి కోసి, స్ప్రింగు పైన సర్దాడు. ఆఖరికి స్ప్రింగు తీసేసి, గూడు నిలబెట్టి, పిస్టను పైనుంచి వదిలాడు. అది నిద్రొచ్చిన పిల్లి మెట్లు దిగినట్టు దిగింది. "అదీ లెక్క," అంటూ మళ్ళీ స్ప్రింగు వేసి బిగించి, "గొట్టం నువ్వే లాగు," అన్నాడు. లాగాను. "టప్"! వర్క్‌షాపులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. అంతవరకు నా నవ్వు ఎవరూ వినలేదట.

ఇంతలో ఇంటి దగ్గర ఒక వింత జరిగింది. బుధవారం సాయంత్రం నేను వచ్చేసరికి తాతయ్య అరుగు మీద కూర్చుని హుషారుగా కాలాడిస్తున్నాడు. "పాపా, కొట్టుకెల్లి కరక్కాయలు అట్టుకురా. నమిలితే ఊపిరి బాగవుతాదంట." చిన్నాన్న, "మరి ఈస్టరుకి నాను..." అని నసిగాడు. "నువ్వు మట్టసంగా జెండా అట్టుకో," అన్నాడు తాతయ్య. ఇప్పుడు పెట్టె తెరుస్తాడేమోనని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఈస్టరు దాకా ఆ పెట్టె ముట్టుకోను. ముందు తిత్తులు, తర్వాతే బూర," అని ఆయనే అన్నాడు. దేవుడు ఎంత దయగలవాడు అనుకున్నాను. గురువారం సాయంత్రం ట్రంపెట్ పెట్టెలోకీ, పుస్తకాలు నా అలమరలోకీ చేరిపోయాయి.

ఈస్టరు నాడు ఇంకా వెలుతురు రాకముందే ఊరేగింపు కదిలింది. తాతయ్య ట్రంపెట్ ఎత్తాడు. వెళ్ళి కొండకి తగిలి వచ్చినట్టుగా, ఒక్క మరక లేకుండా స్వరం లేచింది. హార్బరుకి వెళ్ళే జాలరి ఆడవాళ్ళు బుట్టలు దించి నిలబడ్డారు. వీధి చివర, భుజం మీద తువ్వాలు వేసుకుని వెంట్రుక మేస్త్రి కూడా ఉన్నాడు. పాట వినలేదాయన. కళ్ళు మూసుకుని పిస్టను విన్నాడు. రెండో చరణం అయ్యాక నా వైపు చూసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెంట్రుకంత సందు చూపించి తలూపాడు.

పేరు మాత్రం కరక్కాయకి వచ్చింది. తాతయ్య కనబడ్డవాళ్ళందరికీ దాని మహిమ చెప్పాడు. ఏడాది తిరిగేసరికి చర్చిలో పాడే క్వయరంతా కరక్కాయ నమిలేది. పాస్టరు గారి ప్రసంగాలు పావుగంట పెరిగాయి. చిన్నాన్న ఎన్ని నమిలినా సైరను సైరనుగానే ఉండిపోయింది. అన్నేళ్ళూ నా రహస్యం అంత భద్రంగా ఉన్నందుకు నేను లోలోపల గర్వపడేదాన్ని.

కొన్నేళ్ళకి నాకు దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. తాతయ్యకి అప్పటికి నిజంగానే ఊపిరి తగ్గింది. అది ఏ మేస్త్రీ నూరి బాగుచెయ్యలేనిది. ట్రంపెట్ వాయించడం మానేసినా శనివారాలు మానలేదు. నేను బయల్దేరిన రోజు శనివారమే. ఆ తర్వాత ఆయన్ని మళ్ళీ చూడలేదు. ఆ రోజు తాతయ్య అరుగు మీద కూర్చుని పిస్టన్లకి నూనె వేయించాడు, నా చేతే గొట్టం లాగించాడు. "టప్" మంది. ఇద్దరం నవ్వుకున్నాం. నేను సంచీ సర్దుకుంటూ డైరీ పైన పెట్టుకున్నాను. ఆయన దాన్ని చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ మంగళవారం చేతికందిన పుస్తకాల్లో ఏమేమి ఉన్నాయో, ఆ మూడు రోజులూ నేను డైరీ ఎందుకు రాయలేదో. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే, మంచం కిందికి దూరి లోకాన్నంతా మోసం చేశాననుకున్న ఆ పందొమ్మిదేళ్ళ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. తాతయ్య మాత్రం నా సంచీ భుజానికి తగిలించి, నెమ్మదిగా అన్నాడు:

"ఒక్క పేజీయే సదివినానమ్మా. మిగతాది ముట్టుకోలేదు."