అత్త కెప్టెనైన ఆట

మా వీధి చివర బట్టలు కుట్టే అత్తకు చదరంగం రాదు. అయినా ఆ రోజు నలుగురు ఆడపిల్లల జట్టుకు ఆవిడే కెప్టెన్. ఆట నేర్పే మాస్టారు జ్వరంతో మంచం పట్టారు. మేనకోడలు ఆడుతోంది కదా అని అత్త మిషను మీద గుడ్డ కప్పి పోటీకి బయల్దేరింది.

“ఎవరైనా డ్రా అడిగితే సరే అనో వద్దనో చెప్పమ్మా, అంతే నీ పని,” అన్నారు మాస్టారు ఫోన్లో మూలుగుతూ.

మూడు బల్లల మీద ఆటలు ముగిసేసరికి రెండు జట్లూ సమానం. ఇక మేనకోడలి ఆటే మిగిలింది. గెలిస్తే పై పోటీకి వెళతారు, డ్రా అయితే మూడో స్థానం కప్పు, ఓడితే ఉత్త చేతులు.

పిల్ల నల్లపావులతో డ్రాగన్ డిఫెన్స్ అనే ఎత్తుగడ ఆడింది. పేరుకే డిఫెన్స్. తన రాజు మీదికి వచ్చేవాళ్లను రానిస్తూనే, ఈలోగా అవతలి రాజు కొంపకు నిప్పు పెట్టాలి. అందుకే విలువ ఎక్కువైనా తన ఏనుగునిచ్చి వాళ్ల గుర్రాన్ని తీసుకుంది. అత్తకు ఇదేమీ అంతుపట్టలేదు.

ఎదుటి అమ్మాయి డ్రా అడిగింది. మేనకోడలు తల తిప్పింది.

“అత్తా, ఏమంటావ్?”

అత్త లేచి దగ్గరికొచ్చింది. దేవుడా, నువ్వే దారి చూపించు అనుకుని బల్ల వంక చూసింది. పిల్ల పక్కన చచ్చిన పావులు కొన్నే, అవతల చాలా ఉన్నాయి. కత్తిరింపులో ఎవరి పక్కన ముక్కలు ఎక్కువ పడితే వాళ్ల బట్టే ఎక్కువ పాడైనట్టు. ఆ పావుల రంగు సంగతి తోచనే లేదు.

“వద్దు, ఆడు!”

కాసేపటికి పిల్ల ఓడింది.

బయటికొచ్చాక మెట్ల మీద అత్త గొణిగింది. “మన పక్కన తక్కువే కదే చచ్చినవి?”

“అయ్యో అత్తా! అవి నేను చంపినవి!”

పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. అత్త కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నన్నెందుకడిగావే మరి? కప్పు పోయె!”

“ఊరుకో. నువ్వు వద్దనాలనే మొక్కుకున్నా. ఒక్కదాన్నే అనాలంటే భయమేసింది.”

అంతలో ఎదుటి అమ్మాయి, పిల్ల మర్చిపోయిన నీళ్ల సీసా పట్టుకుని పరుగున వచ్చింది. “నేను కూడా భయమేసే డ్రా అడిగా!”

అత్తకు మరీ అయోమయమైంది. ఆ అమ్మాయి చొక్కా చంక దగ్గర విడిపోయి కనిపించింది. “నిలబడమ్మా,” అని సంచిలోంచి సూది తీసి, కుడుతూనే అడిగింది.

“ఇంతకీ అప్పుడు గెలుస్తున్నదెవరే?”

పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఏమో అత్తా!”